ఒక కుట్టు, మూడు రాళ్ల పొయ్యి

2017 ఎండాకాలం. పాత పాలమూరు జిల్లాలో, బెంగుళూరు రోడ్డుకు ఆనుకుని ఉన్న ఒక చిన్న పట్నంలో, సర్కారు దవాఖాన కాన్పుల వార్డులో నేను స్టాఫ్ నర్సుని. ఫ్యాను తిరిగితే వడగాలి, ఆగితే ఉక్కపోత. వార్డులో మంచాలకంటే మనుషులెక్కువ, మనుషులకంటే వాళ్లతో వచ్చిన చుట్టాలెక్కువ.

నర్సు పనంటే సూదులూ సెలైన్లూ అనుకుంటారు చాలామంది. అందులో సగం పని నోటిది. చెప్పిందే చెప్పాలి, విననివాళ్లని కసరాలి, కసిరినందుకు ఏడ్చినవాళ్లని మళ్లీ మనమే బుజ్జగించాలి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని వార్డంతా చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి. ఇన్నేళ్ల సర్వీసులో నా నోటికి జవాబు లేకుండా చేసిన మనుషులు ఇద్దరే ఇద్దరు. ఇద్దరూ ఒకే కేసులో దొరికారు.

ఆ కేసు పేరు సుజాత. ఇరవై మూడేళ్ల పిల్ల. గొర్లు కాసుకునే కుటుంబంలో కోడలు. వాళ్ల ఊరు మా దవాఖానకీ, నేనుండే కొత్తకోటకీ మధ్యలో, రోడ్డు మీద బస్సు దిగితే కాస్త నడక. మొదటిసారి ఓపీకి వచ్చినప్పుడు ఆ పిల్ల వెంట అత్త బాలమ్మ ఉంది. పొడుగు మనిషి, ఆ ఎండలో కూడా భుజాన నల్ల గొంగడి.

“ఎన్నో కాన్పు?” అని అడిగాను.

“మూడోది మేడం,” అంది సుజాత.

“పిల్లలెంతమంది?”

సుజాత తల వంచుకుంది. జవాబు బాలమ్మ చెప్పింది. “పిల్లలుంటే నీ దగ్గరికెందుకొస్తం సిస్టరమ్మా. రెండూ ఐదో నెలల్నే పోయినయి.”

అలా పోయినప్పుడు నొప్పులెప్పుడు మొదలయ్యాయో మేం తప్పకుండా అడుగుతాం. అడిగాను. ఆ పిల్ల నావైపు చూసి మెల్లగా చెప్పింది. “నొప్పులే రాలే మేడం. మొదటిసారి నీళ్ల బిందె ఎత్తుకున్న, కాళ్ల మీద నీళ్లు కారినట్టయింది, అంతే. రెండోసారి ఆడపిల్ల. తువ్వాలల పెట్టి చూపిచ్చిన్రు. జరసేపు నోరు ఆడిచ్చింది. నొప్పి వచ్చి పోయినా మనసుకు ఒక తీరుగ ఉండేది. ఏ నొప్పీ లేకుండ పోయిన్రు ఇద్దరూ.”

నేను రాయడం ఆపేశాను. నొప్పి లేకుండా ఐదో నెలలో రెండుసార్లు అంటే మాకు వెంటనే ఒక అనుమానం వస్తుంది. లోపలికి పంపించాను. మా డాక్టరమ్మ పరీక్ష చేసి, పాత కాగితాలు చూసి, అదే అంది: సర్విక్స్ వీక్.

సర్విక్స్ అంటే గర్భసంచి మూతి. బిడ్డ ఎదిగే కొద్దీ బరువు పెరుగుతున్నా, తొమ్మిది నెలలు అది గట్టిగా మూసుకుని ఉండాలి. కొందరికి పుట్టుకతోనో, మరో కారణంతోనో అది బలహీనంగా ఉంటుంది. ఐదో నెలకల్లా చప్పుడు లేకుండా తెరుచుకుంటుంది. తల్లికి తెలియను కూడా తెలియదు. దీనికి మూడో నెల దాటాక సర్విక్స్ చుట్టూ నాడా లాంటి మందపాటి దారంతో కుట్టు వేసి బిగిస్తారు. సర్క్లాజ్ అంటారు. వార్డులో మేం స్టిచ్ అనే అంటాం.

ఈ విషయం బాలమ్మకు చెప్పే పని నాది. వక్కా ఆకూ పెట్టుకునే తిత్తి చూపించమన్నాను. ఆమె నడుముకు చెక్కుకున్న తిత్తి తీసింది. దాని మూతికి ఉన్న తాడు లాగి చూపిస్తూ, “గిట్లనే బిగిస్తరు. నెలలు నిండినంక విప్పుతరు,” అన్నాను.

బాలమ్మ కళ్లు పెద్దవి చేసింది. “గొర్రెకు ఏసినట్టా? ఈనకముందే గర్భసంచి బయటికి జారే గొర్లకు మా పశువుల కంపౌండరు కుట్టేస్తడు.”

అచ్చం అట్లా కాదు, కానీ పని అలాంటిదే అన్నాను. గొర్రె పేరు ఎత్తేసరికి ఆమె ముఖంలో భయం పోయింది. “అయితే ఎయ్యిన్రి,” అంది. అక్కడే మంచి జరిగింది, అక్కడే చెడు కూడా మొదలైంది.

కుట్టు బాగా పడింది. డిశ్చార్జ్ చేసేటప్పుడు చెప్పాల్సినవన్నీ చెప్పాను. బరువులు ఎత్తొద్దు, గొంతుక్కూర్చోవద్దు, మలబద్ధకం రానివ్వొద్దు, భర్తకు దూరంగా ఉండాలి. కొంచెం తెల్లబట్ట అవుతుంది, అది మామూలే. నీళ్లు కారినా, నెత్తురు కనబడినా, జ్వరం వచ్చినా, కడుపు బిగుసుకున్నా ఆ క్షణమే రావాలి. సుజాత ప్రతి మాటకీ తల ఊపింది. బాలమ్మ కూడా ఊపింది.

ఐదో నెల స్కాన్‌కు వచ్చినప్పుడు డాక్టరమ్మ ముఖం మారిపోయింది. కుట్టు ఉన్నా దాని పైన సర్విక్స్ కురచగా అయిపోయింది. “ఏం పని చేస్తున్నావు ఇంట్లో?” అని అడిగితే, సుజాత అత్తవైపు చూసింది. నాకు అర్థమైపోయింది. బోరు దగ్గర నీళ్లు, గొర్రెపిల్లలకు మేత, కొట్టం ఊడవడం, అన్నీ మునుపటిలాగే చేస్తోంది.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. “చెప్పింది మీ చెవులకు ఎక్కలేదా? ఈ బిడ్డను కూడా పోగొట్టుకుంటరా?” అని ఓపీ అంతా వినబడేలా అరిచాను.

బాలమ్మ బిత్తరపోయింది. “కుట్టేసిన్రు గదా సిస్టరమ్మా. కుట్టేసిన గొర్రెను మేం మందతోనే తోల్కపోతం. అది మేస్తది, నడుస్తది. కుట్టు దాని పని అది చేస్తది అనుకున్న.”

ఆమె అబద్ధం చెప్పడం లేదు. కోడలిని సాధించాలనీ లేదు. కుట్టు పడింది కాబట్టి ఇక కుట్టే చూసుకుంటుందని మనస్ఫూర్తిగా నమ్మింది. ఇన్నేళ్లలో ఈ కుట్టు గురించి ఎన్నో అపోహలు విన్నాను గానీ, గొర్రె మంద దాకా పోయినది ఇదొక్కటే.

“గొర్రె నాలుగు కాళ్ల మీద నడుస్తుందమ్మా. దాని కడుపు బరువు కిందికి వేలాడుతుంది. నీ కోడలు రెండు కాళ్ల మీద నిలబడితే బరువంతా వచ్చి ఆ మూతి మీదే పడుతుంది,” అంది డాక్టరమ్మ, చేత్తో చూపిస్తూ.

బాలమ్మ ఆ మాట విని కోడలి చేతిలోని సంచి లాక్కుని తన భుజాన వేసుకుంది. ఆ రోజు నుంచి ఆ పిల్ల చేత చెంబు కూడా ఎత్తనివ్వలేదని తర్వాత తెలిసింది.

అసలు చిక్కు అప్పుడే బయటపడింది. వాళ్లలో నెలలు నిండే తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. సుజాత పుట్టిల్లు అటు ఆలంపూర్ దిక్కున, తుంగభద్ర దగ్గర. ఏడో నెలలో వచ్చి తీసుకుపోవాలని తల్లి చెన్నమ్మ ఎదురుచూస్తోంది. డాక్టరమ్మ ఆటోలు, బస్సులు, దూరప్రయాణాలు వద్దని గట్టిగా చెప్పేసింది. ఇక్కడ చూస్తే మామ లేడు. మొగుడు మల్లేశ్ మందతో కృష్ణ ఒడ్డు దిక్కు పోయాడు, వానలు పడితే గానీ రాడు. ఇంట్లో బాలమ్మ ఒక్కతే. గొర్రెపిల్లలను చూసుకోవాలా, కోడలిని చూసుకోవాలా?

“మీ అమ్మనే ఇక్కడికి రమ్మను,” అన్నాను సుజాతతో.

ఆ పిల్ల నవ్విన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. “మా అమ్మ రాదు మేడం. వచ్చినా ఉండదు.”

ఎందుకో తవ్వి తీస్తే రెండు కారణాలు తేలాయి. ఒకటి, వియ్యపురాళ్లిద్దరికీ మాటల్లేవు. రెండో బిడ్డ పోయినప్పుడు బాలమ్మ, “మీ బిడ్డకు కడుపు నిలుపుకునే రాత లేదు,” అంది. చెన్నమ్మ, “మీరే నీళ్లు మోపిచ్చి మోపిచ్చి బిడ్డను పొట్టన పెట్టుకున్నరు,” అంది. అంతే, ఇద్దరూ మొహాలు తిప్పేసుకున్నారు. రెండో కారణం అంతకంటే గట్టిది. చెన్నమ్మ ఇంటి కట్టుబాటు ప్రకారం, కూతురికి బిడ్డ పుట్టేదాకా తల్లి ఆ ఇంట్లో మెతుకు ముట్టకూడదు, నీళ్లు కూడా తాగకూడదు. పొద్దున వచ్చి మాపటికి పోయే చుట్టరికమే గానీ, నెలల తరబడి ఉండే మాట లేదు.

డాక్టరమ్మే చెన్నమ్మతో ఫోన్‌లో మాట్లాడింది. ఇద్దరు బిడ్డలూ పోవడానికి ఎవరి తప్పూ లేదని, మీ అమ్మాయి ఒంట్లోని ఒక బలహీనత అని, ఇప్పుడు మనిషి తోడు లేకపోతే మందు కూడా పనిచేయదని చెప్పింది. అవతలి నుంచి “వస్త,” అన్న ఒక్క మాట వినిపించింది.

రెండో రోజే చెన్నమ్మ దిగింది. నెత్తిన బియ్యం మూట, చంకలో అల్యూమినియం గిన్నె, చేతిలో పప్పుల సంచి. వియ్యపురాలి గడప తొక్కకుండా నేరుగా ముంగిట్లోకి వచ్చి, కూతురి తల నిమిరి, బయటికి పోయి కంచె అవతల మూడు రాళ్లు ఏరుకొచ్చి ముంగిట్లో ఒక మూల పెట్టుకుంది. అక్కడ తన పొయ్యి, తన వంట, తన నీళ్ల కుండ. పడక మాత్రం వసారాలో, కూతురి మంచం పక్కన.

ఈ సంగతి నేను కళ్లారా చూడడానికి కారణం ఇంజెక్షన్. సుజాతకు వారానికోసారి గర్భం నిలవడానికి హార్మోన్ ఇంజెక్షన్ ఇవ్వాలి. దవాఖానకు తిప్పడం వద్దు కాబట్టి, డ్యూటీ దిగి కొత్తకోట పోయే దారిలో నేనే దిగి వేస్తానన్నాను. మొదటిసారి పోయేసరికి ఆ ఇంటి అందం చూడాలి. నులక మంచం మీద సుజాత ఎడమవైపు తిరిగి పడుకుని ఉంది. లోపల బాలమ్మ పొయ్యి, బయట చెన్నమ్మ పొయ్యి. రెండూ ఒకేసారి పొగ వదులుతున్నాయి.

“సిస్టరమ్మా, ఆమెకు జెప్పు, పిల్లకు పొద్దుగాల రాగి అంబలి పొయ్యిమని. కడుపు సాఫ్‌గ ఉంటది,” అంది బాలమ్మ నాతో. చెన్నమ్మ రెండు గజాల దూరంలోనే ఉంది.

“సిస్టరమ్మా, ఆమెకు జెప్పు, అంబలి పొద్దుగాలనే పోసిన. తోటకూర ఎవరు తెస్తరో అడుగు,” అంది చెన్నమ్మ.

“తెచ్చి చూరు కింద పెట్టిన, కండ్లు లేవా అని అడుగు.”

నేను సూది చేత్తో పట్టుకుని ఇటూ అటూ చూస్తున్నాను. సుజాత దిండులో మొహం దాచుకుని నవ్వుతోంది. “మేడం, రోజూ గిదే. నన్ను పిలిచి చెప్పుకుంటరు. నేను మంచం మీదున్న టెలిఫోన్‌ను,” అంది.

అయితే పని మాత్రం గడియారం తిరిగినట్టు జరుగుతోంది. పొద్దున బాలమ్మ గొర్రెపిల్లల దగ్గరికి పోతే చెన్నమ్మ మంచం దగ్గర. చెన్నమ్మ తన వంటకు లేస్తే బాలమ్మ మంచం దగ్గర. ఆ పిల్లను ఒంటరిగా వదిలిన ఘడియ లేదు. దొడ్డికి పోయినా గొంతుక్కూర్చోవద్దన్నామని, బాలమ్మ ఊళ్లో వెల్డింగ్ చేసేవాడి దగ్గరికి ఒక పాత ప్లాస్టిక్ కుర్చీ మోసుకుపోయి, మధ్యలో గుండ్రంగా కోయించి తెచ్చింది. దాని అంచులు ఒరుసుకోకుండా చెన్నమ్మ పాత చీర చింపి చుట్టూ కుట్టింది. కుర్చీ ఒకామెది, మెత్త ఒకామెది. ఒకరితో ఒకరు మాట్లాడుకుని చేసింది మాత్రం కాదు.

పూర్తిగా మంచం పట్టి ఉండడం వల్ల పెద్ద మేలేమీ లేదని ఇప్పుడు డాక్టర్లు చెప్తున్నారు. మా డాక్టరమ్మ కూడా ఇంట్లో మెల్లగా నడవొచ్చనే చెప్పింది. ఈ ముసలివాళ్లు ఊరుకుంటేనా? సుజాత కాలు కింద పెడితే రెండు గొంతులు ఒకేసారి లేచేవి. ఆ ఒక్క విషయంలోనే వాళ్లిద్దరిదీ ఒకే మాట.

సుజాత సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. నవ్వుతూ కనబడేది గానీ, ఐదో నెల దాటే ఆ రోజుల్లో ఆ పిల్ల పడ్డ భయం నాకు తెలుసు. బాత్రూంకి పోయొచ్చిన ప్రతిసారీ బట్ట చూసుకునేది. తుమ్ము వస్తే రెండు చేతులతో పొట్ట కింద పట్టుకునేది. ఒకరోజు ఇంజెక్షన్ వేసి లేస్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

“మేడం, ఇయ్యాల బిడ్డ తన్నింది. గట్టిగ. మునుపు రెండుసార్లు గింత గట్టిగ తన్నలే.”

“మంచిదే కదా, ఏడుస్తున్నవెందుకు?”

“తన్నితే కుట్టు తెగుతదేమో అని భయమైంది. తర్వాత అది తన్నకపోతే భయమైంది. దేనికి సంతోషపడాల్నో తెలుస్తలేదు.”

నా దగ్గర మందులేవీ లేవు ఆ భయానికి. పక్కన కూర్చున్నాను, అంతే. మూడు నెలలపాటు అలా రోజూ భయంతో లేచి, ఒక్కరోజు కూడా విసుక్కోకుండా, ఇద్దరు తల్లుల తిట్లనీ పోట్లాటల్నీ నవ్వుతూ మోసిన ఆ పిల్ల ఓర్పు నాకు లేదు. ఉందని చెప్పుకోను కూడా.

వానలు మొదలయ్యాయి. మల్లేశ్ మందతో తిరిగొచ్చాడు. ఒకరోజు నేను బస్సు దిగేసరికి కుండపోత. తడుచుకుంటూ వాళ్లింటికి పోతే, చెన్నమ్మ పొయ్యి నీళ్లలో మునిగి ఉంది. సగం ఉడికిన అన్నం గిన్నె పట్టుకుని ఆమె చూరు కింద నిలబడింది. లోపల బాలమ్మ పొయ్యి మీద పప్పు ఉడుకుతున్న వాసన ఇల్లంతా కమ్ముకుంది.

“అమ్మా, ఈ ఒక్క పూట లోపల తిను,” అంది సుజాత మంచం మీద నుంచి.

“తిన బిడ్డా. ఇన్ని దినాలు ఉన్న. ఇప్పుడు తప్పితే ఏమన్న అయితే నన్ను నేను మాఫ్ చేసుకోలేను,” అంది చెన్నమ్మ. పొద్దున్నుంచి ఏమీ తినలేదట. ముఖం పీక్కుపోయి ఉంది.

బాలమ్మ ఈ మాట విన్నది. రమ్మని పిలవలేదు, దెప్పిపొడవనూ లేదు. కొట్టంలోకి పోయి గొర్రెపిల్లల మీద కప్పే టార్పాలిన్ పీక్కొచ్చింది. వానలోనే నాలుగు కట్టెలు పాతి, చెన్నమ్మ పొయ్యి మీద పందిరి కట్టింది. నీళ్లు తోడేసింది. తన పొయ్యిలోంచి మండే కొరివి తీసుకుపోబోయి, గడప దగ్గర ఆగిపోయింది. తన ఇంటి నిప్పు ఆమెకు పనికొస్తుందో లేదోనని. వెనక్కి పోయి, అగ్గిపెట్టె తెచ్చి పందిరి కింద పెట్టి, ఏమీ ఎరగనట్టు తడిసిన గొర్రెపిల్లలను తుడవడానికి పోయింది.

ఎదుటి మనిషి నమ్మకం మనకు నచ్చకపోయినా దాని మీద వాన పడకుండా పందిరి వేయగలిగిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. చెన్నమ్మ ఆ అగ్గిపెట్టెతో పొయ్యి వెలిగించి, సగం ఉడికిన గిన్నె మళ్లీ ఎక్కించింది.

ఏడో నెలలో బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడే ఇంజెక్షన్లు కూడా అయిపోయాయి. ముందే కాన్పయినా బిడ్డ ఊపిరి అందుకోవడానికి అవి వేస్తారు. అప్పుడే బాలమ్మనీ చెన్నమ్మనీ కూర్చోబెట్టి ఒక్క మాట మళ్లీ మళ్లీ చెప్పాను. నొప్పులు వస్తే కుట్టు పట్టుకుంటుందని ఊరుకోవద్దు. నొప్పులు మొదలయ్యాక కుట్టు కోసేయాలి. లేకపోతే ఆ దారం సర్విక్స్‌నే చీల్చేస్తుంది. గర్భసంచే పగిలి ప్రాణం మీదికి రావచ్చు. బాలమ్మ ఆ మాటకు ఒకలా అయిపోయింది.

తొమ్మిదో నెల పడింది. ఆ రోజు పొద్దున ఏం జరిగిందో సుజాత తర్వాత చెప్పింది.

లేచేసరికి నడుము లాగుతోంది. కాసేపటికి పొట్ట రాయిలా బిగుసుకుని వదిలింది. చెన్నమ్మ నడుము నిమురుతూ, “వాతం నొప్పి బిడ్డా. ఇంక నెల ఉండె గదా. వాము కాచి ఇస్త. అయినా కుట్టు ఉంది, పట్టుకుంటది,” అంది.

కొట్టంలోంచి బాలమ్మ వచ్చి కోడలి పొట్ట మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి తియ్యకుండా, ఇన్ని నెలల్లో మొదటిసారి వియ్యపురాలి వైపు తిరిగింది.

“వదినె, కుట్టు పట్టుకుంటె చిరుగుతది. పోయినేడు నా తెల్లగొర్రెకు కుట్టేపిచ్చిన. నేను అంగడికి పోయిన్నాడు ఈత నొప్పులొచ్చినయ్. విప్పెటోళ్లు లేరు. నేనొచ్చేసరికి గొర్రె లేదు, పిల్ల లేదు. లే వదినె, పోదాం.”

చెన్నమ్మ చేతిలోని వాము గిన్నె అక్కడే పెట్టేసింది.

ఆ రోజు అంగడి. ముంగిట్లో మల్లేశ్ ట్రాలీ ఆటోలోకి గొర్లను ఎక్కిస్తున్నాడు. “గొర్లను దింపు. పెండ్లాన్ని ఎక్కియ్యి,” అంది బాలమ్మ. గొంగళ్లు మడతలు పెట్టి పరిచారు. తల చెన్నమ్మ ఒడిలో, కాళ్లు బాలమ్మ ఒడిలో. గుంత వచ్చిన ప్రతిచోటా ఇద్దరూ కలిసి ఆ పిల్లను గాలిలోకి ఎత్తి పట్టుకున్నారట.

నేను డ్యూటీలో ఉన్నాను. కాన్పుల గది ముందుకు గొర్రెల వాసనతో, చీరలకు పెంటికలు అంటుకుని, మధ్యలో సుజాతను పట్టుకుని ఇద్దరు ముసలమ్మలు వచ్చారు. నేను నోరు తెరిచేలోపే బాలమ్మ అడ్డం వచ్చింది.

“సిస్టరమ్మా, నొప్పులు ఇప్పుడే మొదలైనయ్. ముందు కుట్టు కొయ్యి. తర్వాత తిట్టు.”

నా నోటికి తాళం పడింది.

డాక్టరమ్మ స్పెక్యులం పెట్టి చూసింది. స్పెక్యులం అంటే లోపల చూడడానికి వాడే పరికరం. నేను లైటు పట్టుకున్నాను. నొప్పి వచ్చిన ప్రతిసారీ ఆ దారం బిగుసుకుపోతోంది, ఒక పక్క కండను కోయడం మొదలుపెట్టింది. ఇంకాస్త ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో మా ఇద్దరికీ తెలుసు. ముడిని పట్టుకుని, ఒక వైపు కత్తిరించి, లాగింది. దారం ట్రేలో పడింది. సుజాత పెద్దగా ఊపిరి వదిలింది.

“తీసేసిన్రా మేడం?”

“తీసేసినం. ఇగ నువ్వు భయపడే పని లేదు. ఇన్నాళ్లు ఆపినవు, ఇప్పుడు రానియ్యి.”

మధ్యాహ్నం దాటకముందే ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోలకు కాస్త పైన. పుట్టగానే ఏడ్చింది, గట్టిగా, కోపంగా. సుజాత కూడా ఏడ్చింది. “నొప్పి తెలిసింది మేడం. ఈసారి నొప్పి తెలిసింది,” అంటూనే ఉంది. నేను బిడ్డను తుడుస్తూ నా కళ్లు కూడా భుజానికి తుడుచుకున్నాను. నర్సులు ఏడవకూడదని ఎవరన్నారో వాళ్లు ఆ గదిలో లేరు.

బయట ఇద్దరూ ఒకే బెంచీ మీద, ఒకే గొంగడి కప్పుకుని కూర్చున్నారు. బిడ్డను చూపించాక బాలమ్మ ఆ కుట్టు కూడా చూస్తానంది. ఇవ్వడం కుదరదు, పారేయాలి, చూసుకో అని ట్రే పట్టుకొచ్చి చూపించాను.

“గింత దారమా? గింత దారం మమ్ముల ఇద్దర్ని ఒక్క కొట్టంల కట్టేసింది,” అంది. చెన్నమ్మ ఫక్కున నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడ్డం అదే మొదలు.

బిడ్డ తక్కువ బరువు కాబట్టి కొన్నాళ్లు దవాఖానలోనే ఉంచాం. ఆ తర్వాత ఇంట్లో బిడ్డను ఉయ్యాలలో వేసే తొట్టెల వేడుక పెట్టుకున్నప్పుడు నన్ను పిలిచారు. డ్యూటీ మార్చుకుని మరీ పోయాను. పందిరి, చుట్టాలు, మటన్ కూర వాసన. అందరూ తినడానికి కూర్చున్నారు. చెన్నమ్మ మాత్రం అలవాటు ప్రకారం తన పొయ్యి దగ్గర గిన్నె సర్దుకుంటోంది. బిడ్డ పుట్టింది, ఇక లోపల తినొచ్చు. తనంతట తను పోయి కూర్చోవడానికి మాత్రం మొహమాటం.

బాలమ్మ నేరుగా అక్కడికి పోయింది. టార్పాలిన్ పీకి పక్కన పడేసింది. వంగి, మసిబారిన ఆ మూడు రాళ్లను ఒక్కొక్కటే ఎత్తి కంచె అవతలికి విసిరేసింది. “ఇగ నీకు పొయ్యి లేదు వదినె. ఆకలైతె ఈడికే రావాలె,” అని చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టింది. తనే అన్నం పెట్టింది, తనే కూర వేసింది, తన ఇంటి నీళ్లు గ్లాసులో పోసి పక్కన పెట్టింది.

చెన్నమ్మ అన్నం కలిపింది. ముద్ద చేసి పట్టుకుంది. తొట్టెలలో మనవరాలి వైపు చూసింది. కళ్ల నీళ్లు పళ్లెంలో పడుతుండగా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. మేమంతా తినడం ఆపి చూస్తున్నాం.

నమిలి మింగి, “ఉప్పు తక్కువైంది వదినె,” అంది.

“నెలల సంది నీ వంట వాసన చూస్తున్న గదా. నీకే ఉప్పెక్కువ,” అంది బాలమ్మ. అంటూనే లోపలికి పోయి ఉప్పు డబ్బా తెచ్చింది.

ఆ తర్వాత నా చేతుల మీదుగా ఎంతోమంది కుట్టు వేయించుకుని పోయారు. డిశ్చార్జ్ రోజున మందులు, జాగ్రత్తలు అన్నీ చెప్తాను, ఇప్పటికీ చెప్పిందే చెప్తాను. ఆ చివర ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా అడుగుతాను. కొత్తగా వచ్చిన సిస్టర్లు అది విని, ఈమెకు చాదస్తమని నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి. కుట్టు వేయడం డాక్టరు పని, విప్పేదాకా దాన్ని కాచుకోవడం ఆ ఇంటి పని అని నేను ఆ ముంగిట్లో నేర్చుకున్నాను. అందుకే కాగితాలు చేతిలో పెడుతూ అడుగుతాను:

“మీ అమ్మ, మీ అత్త మాట్లాడుకుంటరా తల్లీ?”